డీఆర్ డ్రిల్ తర్వాత ఆర్‌ఎఫ్ మీటర్లు యూఎస్ అసోసియేషన్ ఇవ్వట్లేదు – కీలు అవే, తేడా ఎక్కడ?

శ్రీధర్_హెచ్‌ఈఎస్ | హైదరాబాద్

అందరికీ నమస్కారం. స్మార్ట్ మీటర్లతో దూరం నుంచి మాట్లాడే హెడ్ ఎండ్ సిస్టమ్ (హెచ్‌ఈఎస్) టీమ్‌లో పని చేస్తున్నాను. ఏ రాష్ట్రం, ఏ కంపెనీ అని మాత్రం అడక్కండి.

మొన్న శనివారం రాత్రి డీఆర్ డ్రిల్ చేశాం, అంటే ప్రధాన సైట్ పడిపోతే ప్రత్యామ్నాయ సైట్ పని చేస్తుందో లేదో చూసే కసరత్తు. ప్రైమరీ డేటా సెంటర్ ఆపేసి ట్రాఫిక్ మొత్తం డీఆర్ సైట్ మీదికి తిప్పాం. సెల్యులార్ మీటర్లు బుద్ధిగా మాట్లాడాయి. ఒకదాని నుంచి ఒకటి రేడియోలో అందుకునే ఆర్‌ఎఫ్ మెష్ మీటర్లలో చాలావాటికి యూఎస్ (యుటిలిటీ సెట్టింగ్) అసోసియేషన్, అంటే కీతో తెరిచే భద్రమైన సంభాషణ, పడలేదు. కీ అక్కర్లేని పబ్లిక్ క్లయింట్‌తో వెళ్తే పలుకుతున్నాయి, మీటర్లు తమంతట తాము పంపే పుష్ డేటా కూడా వస్తోంది. యుటిలిటీ సెట్టింగ్ క్లయింట్‌తో వెళ్తే ఉలుకూ పలుకూ లేదు. ఎర్రర్ కూడా ఇవ్వవు, టైమ్‌అవుట్ అంతే.

సింగిల్ ఫేజ్ మీటర్లు, ఐఎస్ 16444 ప్రమాణం. మీటర్లు మాట్లాడే ప్రోటోకాల్ ఐఎస్ 15959 పార్ట్ 2, అంటే మన డీఎల్‌ఎంఎస్. సెక్యూరిటీ సూట్ 0, ఆథెంటికేషన్, ఎన్‌క్రిప్షన్ రెండూ ఆన్. రెండు సైట్లకూ కీలు భద్రపరిచే కేఎంఎస్ ఒకటే, కీలు సరిపోల్చి చూశాం, తేడా లేదు. ప్రైమరీకి తిరిగొచ్చేశాక అన్నీ మామూలే.

మా మేనేజరేమో ఆర్‌ఎఫ్ వెండర్ మీద టికెట్ వేసెయ్ అంటున్నాడు. నాకెందుకో అది నెట్‌వర్క్ గొడవలా కనిపించడం లేదు.

ఫర్మ్‌వేర్_ఫణి | పుణె

పబ్లిక్ క్లయింట్ పలికిందంటే దారి బాగున్నట్టే. వెండర్ మీద టికెట్ వేస్తే వాళ్లు నవ్వుకుని మూసేస్తారు.

ఒక్క మాట చెప్పండి. ప్రతి ఫ్రేమ్‌తో, అంటే ప్రతి సందేశంతో, పెరుగుతూ పోయే ఇన్వొకేషన్ కౌంటర్ ఎక్కడి నుంచి తెస్తున్నారు? ప్రతిసారీ పబ్లిక్ క్లయింట్‌తో మీటర్‌లో ఆ కౌంటర్ ఉండే 0.0.43.1.3.255 చదివి ఒకటి కలిపి పంపుతున్నారా, లేక మీ డేటాబేస్‌లో దాచుకున్న అంకె వాడుతున్నారా?

శ్రీధర్_హెచ్‌ఈఎస్

సెల్యులార్ వాటికి ప్రతిసారీ చదువుతాం. ఆర్‌ఎఫ్ వాటికి మెష్ మీద బరువెందుకని మా దగ్గరే దాచుకుంటాం. ఆ టేబుల్ డీఆర్‌కి రెప్లికేట్ అవుతుంది... కాస్త వెనకగా.

మీరు అడిగాక ఒక మీటరు లాగ్ తీశాను. మీటర్ తను చివరగా చూసిన కౌంటర్ 86,412 అంటోంది. డీఆర్ నుంచి మేం పంపింది 85,900. దొరికింది కదా!

ఫర్మ్‌వేర్_ఫణి

దొరికింది. మీటరు చేసింది సరైన పనే. తను చివరగా ఒప్పుకున్న అంకె కన్నా పెద్దది వస్తేనే తీసుకోవాలి, లేకపోతే పారేయాలి. నిన్నటి ‘కనెక్ట్’ కమాండ్‌ని ఎవరో రికార్డు చేసి ఇవాళ మళ్లీ వినిపిస్తే మీటరు లోబడకుండా ఉండేందుకే ఆ ఏర్పాటు. కొన్ని మీటర్లు ఎక్సెప్షన్ రెస్పాన్స్ పంపుతాయి, కొన్ని కిక్కురుమనవు. మీవి రెండో రకం.

కొత్తవాళ్లు చదువుతుంటారు కాబట్టి ఫ్రేమ్ లోపల ఏముంటుందో విప్పి చెప్తాను. మీటర్‌ని ఒక రిజిస్టర్ అడగడానికి మామూలు గెట్ రిక్వెస్ట్ 13 బైట్లు. దాన్ని గుప్తీకరిస్తే ముందు ట్యాగ్ ఒక బైటు, పొడవు ఒక బైటు. తర్వాత సెక్యూరిటీ కంట్రోల్ బైటు, హెక్సాలో 30 అని ఉంటే ఆథెంటికేషన్, ఎన్‌క్రిప్షన్ రెండూ ఉన్నాయని. ఆ వెంటనే 4 బైట్ల ఇన్వొకేషన్ కౌంటర్, పచ్చిగా, గాల్లో ఎవరైనా చదవగలిగేలా. తర్వాత గుప్తీకరించిన 13 బైట్లు, చివర 12 బైట్ల ఆథెంటికేషన్ ట్యాగ్. మొత్తం 32. పదమూడు బైట్ల ప్రశ్నకి పందొమ్మిది బైట్ల కాపలా.

ఎన్‌క్రిప్షన్‌కి కావలసిన 12 బైట్ల ఐవీ (ప్రతి ఫ్రేమ్‌కీ మారాల్సిన ఆరంభ విలువ) ఎక్కడిదంటే, పంపేవాడి గుర్తింపు అయిన సిస్టమ్ టైటిల్ 8 బైట్లు, ఈ కౌంటర్ 4 బైట్లు, పక్కపక్కన పెట్టడమే. సిస్టమ్ టైటిల్‌లో మొదటి మూడు అక్షరాలు తయారీదారు కోడ్. అందులో రహస్యం ఏమీ లేదు, ఉండాల్సిన పనీ లేదు.

పరిష్కారం తేలిక. డీఆర్ లేవగానే కౌంటర్‌ని ఓ లక్ష ముందుకి దూకించండి. 32 బిట్ల అంకె, 429 కోట్లకు పైగా ఉంది, నిమిషానికో ఫ్రేమ్ పంపినా ఎనిమిది వేల ఏళ్లు సరిపోతుంది.

వాణి_క్రిప్టో | బెంగళూరు

ఫణి గారూ, దూకించడం సరే. కానీ మీటర్లు పలకలేదన్నదే అసలు సమస్య అనుకుని టాపిక్ మూసేయకండి. శనివారం రాత్రి ఇంకోటి జరిగింది.

డీఆర్ పంపిన 85,900ని అంతకుముందే ప్రైమరీ అదే మీటర్‌కి, అదే కీతో, అదే క్లయింట్ సిస్టమ్ టైటిల్‌తో వాడేసింది కదా? అంటే ఒకే కీ కింద ఒకే ఐవీ రెండుసార్లు గాల్లోకి వెళ్లింది. మీటర్ పారేసిందా తీసుకుందా అన్నది వినేవాడికి అనవసరం. వాడికి రెండు ఫ్రేములూ చిక్కాయి.

ఈ మీటర్లు వాడే గుప్తీకరణ పద్ధతి ఏఈఎస్-జీసీఎంలో ఇది క్షమించరాని తప్పు. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2007లో ఇచ్చిన 800-38డీ పత్రం కూడా ఇదే నొక్కి చెప్తుంది. ఐవీ ఒకటైతే పాఠంతో కలిపే కీస్ట్రీమ్ ఒకటే. రెండు గుప్త పాఠాలను బిట్టుకి బిట్టు పోల్చి ఎక్స్-ఆర్ చేస్తే కీస్ట్రీమ్ కొట్టుకుపోయి రెండు అసలు పాఠాల ఎక్స్-ఆర్ మిగులుతుంది. డీఎల్‌ఎంఎస్ ప్రశ్నలో క్లాస్ నంబరు, ఓబిస్ కోడ్ (ఏ రిజిస్టరో చెప్పే అంకెలు) అన్నీ ముందే ఊహించగలిగినవే, కాబట్టి విప్పడం కష్టం కాదు.

సరే, ప్రశ్న బయటపడితే పోయిందేముంది అంటారేమో. పోయేది రెండోది. ఒకే ఐవీతో వచ్చిన ట్యాగుల జతలు కొన్ని చిక్కితే ఆథెంటికేషన్‌కి వాడే హాష్ సబ్‌కీని లెక్కగట్టొచ్చు. అది తెలిసినవాడు మధ్యలో నిలబడి, ఇంకా మీటర్‌కి చేరని తాజా ఫ్రేమ్‌ని ఆపి, లోపల బిట్లు తిప్పి, ట్యాగ్ సరిచేసి వదలగలడు. ఆథెంటికేషన్ కీ వేరే ఉందిగా అని ధీమా వద్దు. పొడవు మారనంత వరకు అది అడ్డురాదు.

శ్రీధర్_హెచ్‌ఈఎస్

ఇది మా డ్రిల్ రిపోర్టులో ఒక్క ముక్క లేదు. ‘ఆర్‌ఎఫ్ సక్సెస్ రేటు తక్కువ’ అని ఒక లైను రాసి సంతకాలు పెట్టించేశారు.

ఫర్మ్‌వేర్_ఫణి

వాణి గారి మాట నిజమే. కానీ శ్రీధర్, మీరు డెడికేటెడ్ కీ వాడుతున్నారా? వాడితే ప్రతి అసోసియేషన్‌కి కొత్త కీ పుడుతుంది, పాత కౌంటర్ వచ్చినా లోపలి ఫ్రేములకి ముప్పు లేదు. మార్చేదాకా అలాగే ఉండే గ్లోబల్ కీతో వెళ్లేది ఆ మొదటి ఇనిషియేట్ రిక్వెస్ట్ ఒక్కటే.

శ్రీధర్_హెచ్‌ఈఎస్

డెడికేటెడ్ వాడుతున్నాం.

వాణి_క్రిప్టో

అయితే నష్టం తగ్గింది, పోలేదు. ఎందుకంటే ఆ డెడికేటెడ్ కీ ప్రయాణించేదే ఇనిషియేట్ రిక్వెస్ట్ లోపల. రెండు ఇనిషియేట్‌లు ఒకే ఐవీతో వెళ్తే రెండు డెడికేటెడ్ కీల ఎక్స్-ఆర్ బయటపడుతుంది. ఒకటి ఎలాగైనా తెలిస్తే రెండోదీ తెలిసినట్టే. హాష్ సబ్‌కీ సంగతి ఎలాగూ ఉంది.

నా సలహా: ఆ రాత్రి తాకిన మీటర్లన్నిటికీ గ్లోబల్ యూనికాస్ట్ కీ (ఒక్కో మీటర్‌కి విడిగా ఉండే గ్లోబల్ కీ) మార్చేయండి. ప్రమాణం ప్రకారం కొత్త కీతో పాటు కౌంటర్ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఇక ముందు డీఆర్‌కి వేరే సిస్టమ్ టైటిల్ ఇవ్వండి. అప్పుడు కౌంటర్ వెనకబడినా ఐవీ మాత్రం కలవదు. మీటర్ తిప్పికొడుతుంది, అది సేవాలోపం. కీ ప్రమాదంలో పడదు. రెండు తప్పులనూ వేరువేరు గదుల్లో పెట్టడం ముఖ్యం.

మీ మెష్ వై-సన్ అనే రేడియో ప్రమాణం మీద నడిచేదైతే లింక్ లేయర్‌లో వేరే ఎన్‌క్రిప్షన్ ఉంటుంది, సర్టిఫికెట్లతో. బయటివాడికి డీఎల్‌ఎంఎస్ ఫ్రేమ్ నేరుగా కనపడదు. లోపలివాడికి, అంటే మెష్‌లో చేరిన ఏ పరికరం మీదైనా పట్టు ఉన్నవాడికి, ఆ గోడ పనికిరాదు.

డెవ్_చంటి | విశాఖ

ఇంత తలనొప్పెందుకు? కౌంటర్‌గా యునిక్స్ టైమ్ (1970 నుంచి లెక్కించే) సెకన్లు పెట్టేస్తే పోలా? రెండు సైట్లలోనూ గడియారం ఒకటే, వెనక్కి వెళ్లదు, రెప్లికేషనే అక్కర్లేదు. 32 బిట్లు 2106 దాకా సరిపోతాయి. మేం ఒక ప్రాజెక్టులో అలాగే చేశాం.

ఫర్మ్‌వేర్_ఫణి

చేస్తారు, చాలామంది చేస్తారు. ఒకే సెకనులో రెండు ఫ్రేములు పంపాల్సి వస్తే? లోకల్‌గా ఒకటి కలుపుకుంటూ పోతే గడియారం కన్నా ముందుకి వెళ్తారు, పక్క సర్వర్‌కి ఆ సంగతి తెలీదు. అంతకన్నా ఘోరం, గడియారాలు సరిచేసే ఎన్‌టీపీ చెడి ఒక సర్వర్ 2031లో ఉన్నాననుకుంటే? అది ముట్టుకున్న ప్రతి మీటరూ 2031 అంకె గుర్తుపెట్టుకుని, మిగతా అందరినీ అప్పటిదాకా బయట నిలబెడుతుంది. దాచుకున్న అంకె మానేసి మళ్లీ పబ్లిక్ క్లయింట్ మెట్లే ఎక్కాలి, లేదా కీ మార్చాలి. కౌంటర్ ముందుకి దూకడానికి ఒక్క క్షణం చాలు, వెనక్కి రావడానికి కీ మార్పిడి కావాలి.

డెవ్_చంటి

సరే సార్, ఎన్‌టీపీ అలారం పెట్టుకుంటాం 🙂

సందేహం_సత్తిబాబు | కాకినాడ

ఆయ్, మధ్యలో దూరుతున్నానని ఏమనుకోకండి. మీ లెక్కలు నాకు సగం అర్థం కాలేదు. మా వీధిలో కొత్త మీటర్లు పెట్టేశారండి. పెట్టినాయన్ని అడిగితే ‘అంతా సేఫ్ అండి బాబూ’ అని స్క్రూ బిగించేసి వెళ్లిపోయాడు. నా అనుమానాలు రెండు. పక్కింటోడు నా కరెంటు వాడకం చదవగలడా? ఎవడైనా కంప్యూటర్ దగ్గర కూర్చుని మా ఇంటికి కరెంటు పీకెయ్యగలడా?

వాణి_క్రిప్టో

సత్తిబాబు గారూ, మంచి ప్రశ్నలే. మొదటిది: మీటర్ 15 లేదా 30 నిమిషాలకోసారి వాడకం రాసుకుంటుంది. ఆ లోడ్ ప్రొఫైల్ చూస్తే మీరు ఎన్నింటికి లేస్తారో, గీజర్ ఎప్పుడు వేస్తారో, ఊళ్లో ఉన్నారో లేరో చెప్పేయొచ్చు. ఈ కారణంతోనే నెదర్లాండ్స్‌లో 2009లో స్మార్ట్ మీటర్ తప్పనిసరి చేసే బిల్లు ఎగువ సభలో ఆగిపోయింది. మన దగ్గర ఆ డేటా గాల్లో గుప్తంగానే వెళ్తుంది, కీ మీటర్‌కొకటి ఉంటే పక్కింటాయనకి అందదు. కాకపోతే ఆ డేటా చివరికి ఒక సర్వర్‌లో విప్పి పెడతారు. అక్కడ ఎవరెవరు చూస్తున్నారన్నది ఎన్‌క్రిప్షన్ ప్రశ్న కాదు, 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ప్రశ్న.

‘మీటర్‌కొకటి ఉంటే’ అన్నాను చూశారా, దాని గురించి: 2014లో ఇద్దరు స్పానిష్ పరిశోధకులు ఆమ్‌స్టర్‌డామ్ బ్లాక్ హ్యాట్ సభలో చూపించింది ఇదే. అక్కడి మీటర్లలో ఏఈఎస్ ఉంది, 128 బిట్లూ ఉన్నాయి, కానీ కీలు మీటర్లన్నిటికీ ఉమ్మడి. ఒక మీటర్ విప్పితే ఊరంతా విప్పినట్టే.

పాత_ఏడీఈ | నెల్లూరు

రెండో ప్రశ్నకి నేను చెప్తా. డిస్కమ్‌లో మీటర్ల విభాగంలో చేసి రిటైరయ్యాను.

2020 ఆగస్టులో కృష్ణాష్టమి నాడు ఉత్తరప్రదేశ్‌లో లక్షన్నరకు పైగా స్మార్ట్ మీటర్ల ఇళ్లకి కరెంటు ఆగిపోయింది. బిల్లు కట్టినవాళ్లకీ పోయింది. బయటినుంచి ఎవడో చొరబడ్డం వల్ల కాదు, సిస్టమ్ నుంచే తప్పుడు డిస్కనెక్ట్ కమాండ్ వెళ్లిందని తేలింది. ఇప్పుడు మీ లెక్కల ప్రకారం చూడండి. ఆ కమాండ్ సక్రమంగా గుప్తీకరించి ఉంటుంది, కౌంటర్ సరిగ్గా ఉంటుంది, ట్యాగ్ సరిపోతుంది. మీటర్ ‘అయ్యగారి ఆజ్ఞ’ అని రిలే తెరిచేస్తుంది. వీధి చివర యాంటెన్నా పెట్టుకున్నవాడి గురించి మీరు గంటలు గంటలు చర్చిస్తారు, కంట్రోల్ రూమ్‌లో మౌస్ పట్టుకున్నవాడి గురించి ఎవరూ మాట్లాడరు.

మా కాలంలో కరెంటు తీయాలంటే లైన్‌మ్యాన్ స్తంభం ఎక్కాలి. వందిళ్లు తీసేసరికి సాయంత్రం అయ్యేది. ఆ ఆలస్యమే ఒక రక్షణ.

డెర్బీ_రమణ | ఇంగ్లండ్

పాత ఏడీఈ గారికి నమస్కారం. మీరన్న ఆలస్యాన్ని ఇక్కడ కావాలని డిజైన్‌లో పెట్టారు. బ్రిటన్‌లో మీటర్లకీ విద్యుత్ సరఫరాదారులకీ మధ్య డీసీసీ అనే సంస్థ ఉంటుంది. ఫలానా రకం కమాండ్లు ఫలానా వ్యవధిలో ఇన్నే అని సరఫరాదారు ముందే పరిమితి పెట్టుకోవాలి. దాటితే డీసీసీ ఆపి పక్కన పెడుతుంది, మనిషి చూసి వదలాలి. సరఫరాదారు సిస్టమ్ మొత్తం శత్రువు చేతిలో పడినా లక్షమందికి ఒకేసారి చీకటి చేయలేడు.

ఇంకో సంగతి, కరెంటు తీసే లాంటి కీలక కమాండ్ మీద ఇక్కడ సరఫరాదారు డిజిటల్ సంతకం ఉండాలి. మధ్యలో మోసే డీసీసీ దాన్ని సొంతంగా పుట్టించలేదు. 2016లో ఇక్కడి పత్రికల్లో వచ్చింది, మొదటి డిజైన్‌లో మీటర్లన్నిటికీ ఒకే డిక్రిప్షన్ కీ ఉండబోతుంటే గూఢచార సంస్థ జీసీహెచ్‌క్యూ కలగజేసుకుందని.

ఇండియాలో సూట్ 0 అంటున్నారు కాబట్టి సంతకాలు ఉండవనుకుంటా?

వాణి_క్రిప్టో

ఉండవు. సూట్ 0 పూర్తిగా సిమెట్రిక్, అంటే రెండు వైపులా ఒకే కీ. ఏఈఎస్-జీసీఎం 128, కీ మోయడానికి ఏఈఎస్ కీ ర్యాప్, అంతే. సంతకం కావాలంటే సూట్ 1కి, అంటే పీ-256 ఎలిప్టిక్ కర్వ్‌కి పోవాలి. సిమెట్రిక్‌లో కీ ఉన్న ప్రతివాడూ యజమానే. హెచ్‌ఈఎస్ పంపిందా, ఆపరేటర్ లాప్‌టాప్ పంపిందా, మీటర్‌కి తేడా తెలీదు.

కరీంనగర్_కవిత

అక్కా, నేను ఎం.టెక్ చేస్తున్న, ఇదే అంశం మీద. క్వాంటం కంప్యూటర్లు వస్తే ఈ మీటర్లు ఏమైతయ్? పదేళ్లు గోడ మీదనే ఉంటయ్ కదా.

వాణి_క్రిప్టో

వింతేంటంటే కవితా, ఈ విషయంలో మన పాత సూట్ 0నే నయం. క్వాంటం ముందు కూలేది ఎలిప్టిక్ కర్వ్, అంటే సూట్ 1, 2 సంతకాలు. ఏఈఎస్-128 అంత తేలిగ్గా పోదు. థీసిస్‌కి క్వాంటం కన్నా కీ మార్పిడి మధ్యలో ఆగిపోతే ఏం చెయ్యాలన్నది తీసుకో, దాని మీద తెలుగువాళ్లలో పని చేసేవాళ్లు కావాలి.

కరీంనగర్_కవిత

గదెట్ల ఆగిపోతది?

ఫర్మ్‌వేర్_ఫణి

దీనికి నేను చెప్తానమ్మా, మా కడుపుమంట ఇది. గ్లోబల్ కీ మార్చాలంటే కొత్త 16 బైట్ల కీని మాస్టర్ కీ (మిగతా కీలను మోసే కీ)తో ర్యాప్ చేస్తాం, అంటే గుప్తంగా చుడతాం. 24 బైట్లు అవుతుంది. మీటర్‌లో సెక్యూరిటీ సెటప్ ఆబ్జెక్ట్, క్లాస్ 64, దాని కీ ట్రాన్స్‌ఫర్ మెథడ్‌కి పంపుతాం. మీటర్ విప్పుకుని రాసుకుని ‘సరే’ అంటుంది. ఇప్పుడు ఆ ‘సరే’ మెష్‌లో ఎక్కడో రాలిపోయిందనుకో. హెచ్‌ఈఎస్ దృష్టిలో మార్పు జరగలేదు. మీటర్ దృష్టిలో జరిగింది. హెచ్‌ఈఎస్ పాత కీతో మళ్లీ మళ్లీ తలుపు తడుతుంది, మీటర్ తీయదు.

కాబట్టి కేఎంఎస్‌లో ‘ప్రస్తుత కీ’ అని ఒక్క గడి ఉంటే చాలదు. ‘పంపాం, ఇంకా ఖరారు కాలేదు’ అని ఇంకో గడి ఉండాలి. ముందు కొత్తదానితో ప్రయత్నించి, కుదరకపోతే పాతదానితో. కొత్తదానితో ఒక్కసారి మాట కలిసాకే పాతది చెరపాలి. ఎన్ని ప్రోడక్టుల్లో ఆ గడి లేదో చెప్తే నమ్మరు.

ఇక మాస్టర్ కీయే పోగొట్టుకుంటే రిమోట్‌గా చేసేదేమీ లేదు. మీటర్ ఊడదీసి ఫ్యాక్టరీకి పంపడమే. ఇంటికొక మనిషిని పంపే ఖర్చు లెక్కేసుకోండి.

శ్రీధర్_హెచ్‌ఈఎస్

ఫణి గారూ, వాణి గారి సలహా ప్రకారం కీ మార్పు మొదలుపెడదామని మా కేఎంఎస్ చూశాను. ఆ రెండో గడి ఉంది, దేవుడు చల్లగా చూశాడు. కానీ ఇంకోటి బయటపడింది. మొదట్లో తయారీదారు నుంచి కీలు ఎలా వచ్చాయా అని వెతికితే ఒక షేర్డ్ ఫోల్డర్‌లో ఎక్సెల్ షీట్. మీటర్ నంబరు, మాస్టర్ కీ, యూనికాస్ట్ కీ, ఆథెంటికేషన్ కీ, హెచ్‌ఎల్‌ఎస్ (హై లెవెల్ సెక్యూరిటీ) సీక్రెట్, వరుసగా కాలమ్స్. పాస్‌వర్డ్ ఉంది, ఆ పాస్‌వర్డ్ అదే మెయిల్ కింది లైన్లో ఉంది. ఉదాహరణకి ఒక వరుస:

[నిర్వాహకుడు తొలగించారు]

నిర్వాహకుడు

శ్రీధర్ గారూ, అది ల్యాబ్ మీటర్‌దే అయినా సరే, కీలు ఇక్కడ పెట్టకండి. ఆ వరుస తీసేశాను. ఆ మీటర్ కీ ఇప్పటికే బయటపడినట్టు లెక్క, మార్చేయండి.

వాణి_క్రిప్టో

నిర్వాహకుడు గారు తీసేముందు కంటపడింది. శ్రీధర్, ఆ కీ 00, 01, 02 అంటూ వరుసగా 16 బైట్లూ ఎక్కుతూ పోతోంది కదా? అది డీఎల్‌ఎంఎస్ ప్రమాణ పుస్తకం గ్రీన్ బుక్‌లో ఉదాహరణ కోసం ఇచ్చిన కీ. ప్రపంచంలో ఈ ప్రోటోకాల్ నేర్చుకున్న ప్రతివాడికీ కంఠతా వచ్చు. ల్యాబ్ మీటర్ అయితే ఫరవాలేదు. ఫీల్డులో ఎన్ని మీటర్లకి అదే ఉందో ఇవాళే చూడండి.

కొత్త లాట్ వచ్చినప్పుడు అంగీకార పరీక్షలో ఇది పెట్టుకోవాలి: శాంపిల్ మీటర్‌ని గ్రీన్ బుక్ కీతో తెరవడానికి ప్రయత్నించు, తెరుచుకుంటే లాట్ వెనక్కి. పక్క మీటర్ కీతో ప్రయత్నించు, తెరుచుకుంటే లాట్ వెనక్కి. పావుగంట పని. యాక్యురసీ బెంచ్ మీద గంటలు గంటలు తిప్పేవాళ్లకి ఈ పావుగంట బరువా?

సందేహం_సత్తిబాబు

అంటే ఊరందరి ఇళ్లకీ తాళాలు వేసి, తాళంచెవులన్నీ ఎక్సెల్లో రాసుకున్నారన్నమాట. బాగుందండి వరస.

పాత_ఏడీఈ

సత్తిబాబూ, ఇది కొత్తేం కాదు. పాత డిజిటల్ మీటర్లకి ముందువైపు ఆప్టికల్ పోర్టు ఉండేది, ప్రోబ్ అయస్కాంతంలా అతుక్కునేది. లో లెవెల్ సెక్యూరిటీలో ఉన్నది పాస్‌వర్డ్ ఒక్కటే. గుప్తీకరణ లేని మీటర్‌లో ఆ పాస్‌వర్డ్ తీగ మీద ఉన్నదున్నట్టు వెళ్తుంది. ఒక తయారీదారు మీటర్లన్నిటికీ ఒకటే పాస్‌వర్డ్, మీటర్ చదివే సీఎంఆర్‌ఐ యంత్రం పట్టుకున్న ప్రతి కుర్రాడికీ తెలుసు.

ప్యూర్టోరికోలో ఏమైందో చదివే ఉంటారు. 2009లో అక్కడి విద్యుత్ సంస్థ కోరితే ఎఫ్‌బీఐ చూసింది. ఆప్టికల్ ప్రోబ్, నెట్‌లో దొరికే సాఫ్ట్‌వేర్, అంతే. చేసింది మీటర్ కంపెనీ మాజీ ఉద్యోగులు, విద్యుత్ సంస్థ ఉద్యోగులేనని ఎఫ్‌బీఐ అనుమానం. ఇళ్లకి మూడు వందల నుంచి వెయ్యి డాలర్ల దాకా, వ్యాపారాలకి దాదాపు మూడు వేల డాలర్లు తీసుకుని మీటర్ నెమ్మదింపజేసేవాళ్లట. రేడియోని ఎవరూ పగలగొట్టలేదు.

స్మార్ట్ మీటర్‌లోనూ ఆ పోర్టు ఉంది, మర్చిపోకండి. ఆర్‌ఎఫ్ వైపు ఇనుప తలుపులు వేసి, పోర్టు వైపు అదే యూఎస్ సీక్రెట్‌ని హ్యాండ్‌హెల్డ్‌లో పోసి కాంట్రాక్టు కుర్రాళ్లకిస్తే ఏం లాభం?

ఫర్మ్‌వేర్_ఫణి

హ్యాండ్‌హెల్డ్‌కి కీ ఇవ్వకూడదు, పని ఇవ్వాలి. అంటే హ్యాండ్‌హెల్డ్ మీటర్‌తో మాట కలుపుతుంది, ఫ్రేమ్ గుప్తీకరించేది మాత్రం వెనక హెచ్‌ఎస్‌ఎం, అంటే కీలు లోపలే దాచుకునే భద్రమైన పెట్టె. సిగ్నల్ లేని చోట ఆ ఒక్క మీటర్‌కి, ఆ ఒక్క రోజుకి కీ ఇచ్చి, పని కాగానే మార్చేయాలి. ఇంకోటి, బ్రాడ్‌కాస్ట్ కీ. అది స్వభావరీత్యా గుంపు మొత్తానికి ఒకటే, ఒక మీటర్ పగిలితే గుంపంతటి కీ బయటికొస్తుంది. అందుకని బ్రాడ్‌కాస్ట్‌లో టైమ్ సింక్ లాంటివి ఒప్పుకోవచ్చు గానీ, రిలేని ముట్టుకునే 0.0.96.3.10.255ని ఎట్టి పరిస్థితిలోనూ ఒప్పుకోకూడదు. నేనైతే ఫర్మ్‌వేర్‌లోనే కట్ చేస్తాను, కాన్ఫిగరేషన్‌కి వదలను.

డెర్బీ_రమణ

ఒక ప్రశ్న. అక్కడ మీటర్లు పెట్టేది, నడిపేది ప్రైవేటు సర్వీస్ ప్రొవైడర్ కదా. మాస్టర్ కీ ఎవరి దగ్గర?

పాత_ఏడీఈ

అదీ ప్రశ్న! పంపిణీ సంస్థల కోసం కేంద్రం తెచ్చిన ఆర్‌డీఎస్‌ఎస్ పథకం 2021లో వచ్చింది. 3,03,758 కోట్ల రూపాయల పథకం, 25 కోట్ల ప్రీపెయిడ్ మీటర్ల లక్ష్యం. మీటర్లు పెట్టి, పెట్టుబడి పెట్టి, ఏళ్ల తరబడి నడిపి, చివర డిస్కమ్‌కి అప్పగించాలి. మీటర్ అప్పగిస్తారు, సరే. కీ? హెచ్‌ఎస్‌ఎం లోంచి కీ బయటికి రాకుండా ఉండటమే దాని గొప్ప. గడువు ముగిసిన రోజు ‘మా హెచ్‌ఎస్‌ఎం మాది, కీలు అందులో ఉన్నాయి, బయటికి రావు’ అంటే డిస్కమ్ ఏం చేస్తుంది? లక్షల మీటర్లు గోడ మీద, మాట్లాడేవాడు లేడు.

నా మటుకు నాకు, మాస్టర్ కీ పుట్టాల్సింది డిస్కమ్ హెచ్‌ఎస్‌ఎంలోనే. ప్రొవైడర్‌కి రోజువారీ గ్లోబల్ కీలు చాలు. డిస్కమ్‌లకి అంత ఓపిక, అంత మనుషులు లేరంటారు. ట్రాన్స్‌ఫార్మర్ యార్డుకి తాళంచెవి కాంట్రాక్టర్‌కి ఇచ్చేసి ఇంటికెళ్తామా? కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ (సీఈఏ) 2021లో సైబర్ భద్రత మార్గదర్శకాలు ఇచ్చింది, ప్రతి సంస్థకీ ఒక సమాచార భద్రతాధికారి ఉండాలంది. ఆయన టేబుల్ మీద ఈ కాగితం పెట్టండి.

వాణి_క్రిప్టో

నేను కాస్త విభేదిస్తాను సార్. డిస్కమ్ హెచ్‌ఎస్‌ఎం కొని బీరువాలో పెట్టి, అడ్మిన్ కార్డులు ప్రొవైడర్ ఇంజనీర్‌కే ఇచ్చిన సందర్భాలు చూశాను. పెట్టె ఎవరిదన్నది కాదు, కార్డులు ఎవరి జేబులో ఉన్నాయన్నది. మాస్టర్ కీ ఎగుమతికి అయిదుగురిలో ముగ్గురు కావాలి అని పెట్టి, అందులో ముగ్గురికి మించి ఒకే సంస్థ వాళ్లు ఉండకుండా... కాదు కాదు, ఇద్దరికి మించి ఉండకుండా చూడాలి. అప్పుడు ఏ ఒక్క సంస్థా ఒంటరిగా కీ తీసుకుపోలేదు, ఏ ఒక్క సంస్థా పోయినా మిగిలినవాళ్లు తీయగలరు.

పాత_ఏడీఈ

ఒప్పుకున్నాను. కానీ ఆ అయిదుగురిలో బదిలీ అయినవాడు కార్డు అప్పగించి వెళ్తాడా అన్నది మీ బెంగళూరులో తెలీదు, మాకు తెలుసు.

శ్రీధర్_హెచ్‌ఈఎస్

అప్‌డేట్. డీఆర్‌కి వేరే సిస్టమ్ టైటిల్ పెట్టాం. ఫెయిలోవర్ అవగానే కౌంటర్ దూకేలా కోడ్ మార్చాం, దూకినా అందని మీటర్లకి పబ్లిక్ క్లయింట్‌తో చదివి సరిచేసుకుంటుంది. ల్యాబ్‌లో ప్రైమరీని మధ్యలో పీకేసి చూశాం, అన్నీ పలికాయి. ఆ రాత్రి తాకిన మీటర్లకి యూనికాస్ట్ కీ మార్పు నడుస్తోంది. మెష్ అంచున ఉన్నవి కొన్ని ఖరారు కాని గడిలోనే ఉన్నాయి, మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోంది.

గ్రీన్ బుక్ కీ ఉన్న ఫీల్డ్ మీటర్లు దొరకలేదు. ఎక్సెల్ షీట్ తీసేయించాను, కానీ అది ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో ఫోల్డర్ లాగ్ చెప్పట్లేదు. ఆ లెక్కన మాస్టర్ కీ కూడా మార్చాలి కదా? పాత మాస్టర్‌తో ర్యాప్ చేసి కొత్త మాస్టర్ పంపితే, పాతది తెలిసినవాడు గాల్లో వింటూ ఉంటే కొత్తదీ విప్పేస్తాడుగా?

వాణి_క్రిప్టో

విప్పేస్తాడు, ఆ ఫ్రేమ్ వాడి చెవిన పడితే. సూట్ 0లో ఆ లంకె తెగదు. మీకున్నవి రెండు దారులు. ఒకటి, మెష్ లింక్ లేయర్ సర్టిఫికెట్ల మీద నమ్మకం ఉంచి గాల్లోనే మార్చడం. షీట్ చూసినవాడు మెష్ లోపల కూడా ఉంటేనే ముప్పు, ఇద్దరూ ఒకరే అవ్వడం అరుదు. రెండోది ఆప్టికల్ పోర్టు దగ్గర మనిషిని నిలబెట్టి మార్చడం. అన్నిటికీ అక్కర్లేదు, ఆస్పత్రులు, నీటి పంపులు, టవర్లు ఉన్న సర్వీసులకి రెండోది, మిగతావాటికి మొదటిది. ముందు ఆ జాబితా డిస్కమ్ దగ్గర తీసుకోండి.

శ్రీధర్_హెచ్‌ఈఎస్

జాబితా అడిగాను. సర్వీస్ నంబర్లు పంపారు, మీటర్ నంబర్లు కాదు. మీటర్ డేటా సిస్టమ్ (ఎండీఎంఎస్)తో మ్యాప్ చేసుకుంటున్నాను. సోమవారం నుంచి హ్యాండ్‌హెల్డ్‌లతో మొదలు, ఫణి గారు చెప్పినట్టు ఒక మీటర్‌కి ఒక రోజు కీతోనే.